జవాబులో ఉండే మాటలు

పోయిన వారం చాగలమర్రి నుంచి ఒకాయన మా షెడ్డుకు వచ్చాడు. ఆళ్లగడ్డలో మాది రాతి బొమ్మలు చెక్కే పని. కొత్తగా కట్టుకున్న ఇంటి గేటుకు చెరోపక్క ఒక రాతి ఏనుగు కావాలన్నాడు. ఎలాంటివి కావాలో ఫోనులో చూపిస్తానని కుర్చీ లాక్కుని రాళ్ల మధ్య కూర్చున్నాడు. ఫోను నోటి దగ్గర పెట్టుకుని, "మా ఇంటి గేటు కాడ పెట్టుకునేకి మంచి ఏనుగులు యాడ దొరుకుతాయి?" అని గట్టిగా అడిగాడు. అడవి ఏనుగుల వీడియోలు వచ్చాయి. మళ్లీ అడిగాడు. పిల్లలు ఆడుకునే రబ్బరు ఏనుగులు వచ్చాయి.

నేను రాయి మీద సుద్దతో గీత గీస్తూ తల ఎత్తకుండానే అన్నాను. "ప్రశ్న అడగొద్దన్నా. జవాబులో ఏ మాటలుంటాయో ఆ మాటలు చెప్పు. రాతి ఏనుగు, ద్వారం, జత. అంతే."

అలాగే చెప్పాడు. ఈసారి వచ్చిన బొమ్మల్లో పై వరసలోనే అతను అనుకున్నలాంటి ఏనుగులు కనిపించాయి. ఆశ్చర్యంగా నా వైపు చూశాడు.

"ఇది ఎవరు నేర్పించిరి నీకు?"

"లైబ్రరీ మేడం."

"ఈడేనా ఉండేది?"

"లేదన్నా. పోయినేడు చనిపోయింది."

బేరం కుదుర్చుకుని ఆయన వెళ్లిపోయాడు. నేను సుద్దముక్క చేత్తో పట్టుకుని ఆ రాయి ముందే కూర్చుండిపోయాను. ఆ మాట నా సొంత మాటలాగా నా నోట్లోంచి వచ్చింది. అలాంటివి ఆమెవి నా దగ్గర ఇంకా ఎన్ని ఉన్నాయో.

ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. తన పేరు నెట్‌లో ఎక్కడా పడకుండా జాగ్రత్తగా చూసుకున్న మనిషి ఆమె. ఏదైనా వెబ్‌సైట్ తెరవగానే పేరు, ఫోన్ నంబరు ఇవ్వమని అడిగితే, "నేను చదువుకునేకి వచ్చినా. పెండ్లిచూపులకు రాలే" అని తెరకు జవాబు చెప్పి, వివరాలు అడిగే ఆ డబ్బా మూసేసేది. చదువుతున్న పేజీకి అడ్డంగా ఏదైనా ప్రకటన లేస్తే, "ఎవరప్పా నువ్వు మధ్యలో?" అనేది. లైబ్రరీలో గట్టిగా మాట్లాడేవాళ్లను కూడా ఇదే మాటతో, ఇదే గొంతుతో ఆపేది. కోపం ఉండేది కాదు. ఎవరో తెలుసుకోవాలని అడుగుతున్నట్టే ఉండేది. ఆ ప్రకటనకు మూలన ఎక్కడో ఆవగింజంత ఇంటూ గుర్తు ఉంటుంది. అది దొరికేదాకా ఇంకెక్కడా ముట్టుకోనిచ్చేది కాదు.

పొట్టి మనిషి, బక్కపలచన. రోజూ నంద్యాల నుంచి పొద్దున బస్సులో వచ్చి సాయంత్రం బస్సులో వెళ్లేది. ఇస్త్రీ చేసిన నూలు చీర, భుజాన గుడ్డసంచి. సంచిలో గొడుగు, జిప్పు కవరులో చిన్న బైబిలు, స్టీలు డబ్బాలో వేయించిన బుడ్డలు. ఆ పల్లీల డబ్బా ఎవరు వచ్చినా వాళ్ల ముందుకు జరిగేది. భర్త రైల్వేలో పని చేసి రిటైరయ్యాడు. ఆమె గురించి ఇంతకంటే ఎక్కువ నేనెప్పుడూ అడగలేదు. ఆమె చెప్పలేదు.

మా ఊరి లైబ్రరీ రెండు గదులు. ముందు గదిలో పేపర్లు, లోపలి గదిలో బీరువాలు. ఆ మూల ఒక కంప్యూటరు. పరీక్షల ఫలితాలు వచ్చినప్పుడు తప్ప దాని దగ్గరికి ఎవరూ వెళ్లేవాళ్లు కాదు. ఆమె మాత్రం రోజూ గుడ్డ తీసి తుడిచి దాని ముందు కూర్చునేది. వచ్చిన కొత్తలో పుస్తకాలు చదివే పెద్దమనిషి ఒకాయన ఆమెను దెప్పాడట, లైబ్రరీలో మీరే పుస్తకాలు వదిలేసి దీని ముందు కూర్చుంటే ఎట్లా అని. "ఇది గూడ లైబ్రరీనే సార్. కాకుంటే పుస్తకాలన్నీ నేల మీద పోసినారు. ఏరుకోవాల" అందట.

నేను మొదటిసారి ఆమె దగ్గరికి వెళ్లింది ఒక ఆంజనేయుడి కోసం. ఒక ఊరివాళ్లు ఫోనులో ఫోటో పంపి, అచ్చం ఇలాంటిదే కావాలన్నారు. పాత కాలపు విగ్రహం, చాలా బాగుంది. కానీ ఫోటోలో ఎడమ చెయ్యి మోచేతి దగ్గరే కత్తిరించి ఉంది. ఆ చేతిలో ఏముందో తెలియదు. మా నాయన గద పెడదామన్నాడు. నాకు మనసు ఒప్పలేదు. భుజం వాలిన తీరు చూస్తే ఆ చేతిలో అంత బరువు ఉన్నట్టు లేదు. ఫోటో పెద్దగా ప్రింటు తీయించి చూద్దామని లైబ్రరీకి వెళ్లాను.

ఆమె ఫోటో చూసి, "ప్రింటు తీస్తే లేని చెయ్యి వస్తాదా?" అంది. తర్వాత, "ఈ ఫోటో యాడ నుంచి వచ్చిందో దాన్నే అడుగుదాం పా" అని నా ఫోను నా చేతికే ఇచ్చింది. ఎవరి ఫోనూ ఆమె తన చేతిలోకి తీసుకునేది కాదు. పక్కన కూర్చుని చెప్పేది, ఎదుటివాళ్లే చెయ్యాలి. వెతికే పెట్టె చివర కెమెరా బొమ్మ ఉంది, దాన్ని ఒత్తి ఈ ఫోటో ఇవ్వమంది. ఇచ్చాను. అదే ఫోటో చాలా చోట్ల కనిపించింది. భక్తి పేజీలు, క్యాలెండర్లు, పండగ శుభాకాంక్షలు. అన్నింటిలోనూ చెయ్యి కత్తిరించే ఉంది. నేను గబగబా ఒకదాని తర్వాత ఒకటి ఒత్తుకుంటూ పోతున్నాను.

"ఒత్తొద్దు. చదువు" అంది.

ఆమె చూపుడువేలు గాలిలో ఆగి ఉంది. అది ఆమె అలవాటు. తెర మీద కొత్త పేజీ రాగానే ఆ వేలు లేచి గాలిలో నిలబడేది. మొత్తం చదివాకే కిందికి దిగేది. "ఒకరి దగ్గర నుంచి ఒకరు ఎత్తుకున్నారు. ఎత్తుకున్నోళ్లను అడిగితే లాభం ల్యా. తీసినోడు యాడుండాడో చూడు. తీసినోడి కాడ ఫోటో పెద్దగా ఉంటాది, చుట్టూ కథ ఉంటాది."

ప్రతి ఫలితం కిందా ఉన్న రెండు లైన్లు చదివించింది. వెళ్లి చూడాల్సినవి ఏవో చెప్పి, వాటి మీద వేలు కాసేపు ఆనించి కొత్త ట్యాబులో తెరవమంది. అలా చేస్తే మొదటి పేజీ మన చేయి జారదు, వెనక్కి వెనక్కి రావలసిన పని ఉండదు. ఒకచోట కర్ణాటక వైపు గుళ్లన్నీ తిరిగి ఫోటోలు తీసుకున్న ఒక మనిషి పేజీ దొరికింది. అందులో ఆంజనేయుడు పూర్తిగా ఉన్నాడు. నడుము దగ్గర ఎడమ చేతిలో పువ్వు కాడ. గద కాదు.

నాయనకు చూపిస్తే చాలాసేపు చూసి, "ఇట్లుంటే మేలు" అన్నాడు. మా నాయన మెచ్చుకోవడం అంటే అంతే.

ఆ తర్వాత ఏదో ఒక పని మీద నేను లైబ్రరీకి వెళ్తూనే ఉండేవాణ్ణి. కొత్త రాయి కోసే బ్లేడు కొనాలన్నా ముందు ఆమె దగ్గరికే. వెతికితే పైన వచ్చేవి దుడ్లు కట్టి కూర్చున్నవాళ్లవని, వాటి మీద చిన్న అక్షరాలతో ఆ సంగతి రాసి ఉంటుందని ఆమె చూపించేదాకా నాకు తెలియదు. పొడుగాటి పేజీలో నాకు కావలసిన ఒక్క మాట కోసం పైనుంచి కిందికి తోసుకుంటూ పోతుంటే, మూలన ఉన్న మూడు చుక్కలు ఒత్తించి 'పేజీలో వెతుకు' అనేది చూపించింది. అక్షరాలు చిన్నవైతే కళ్లు చికిలించి చదవడం ఆమెకు నచ్చేది కాదు. "నీ కండ్లు కరిగిస్తావెందుకు, అక్షరం పెంచుకో" అనేది. పని అయిపోగానే తెరిచిన ట్యాబులన్నీ మూయించేది. సాయంత్రం లైబ్రరీ మూసేముందు కుర్చీలన్నీ బల్లల కిందికి నెట్టినట్టే.

ఆమె ఉన్నప్పుడే, ఏఐ మిషన్లు గీసిన దేవుళ్ల బొమ్మలు పట్టుకుని రావడం మొదలుపెట్టారు గిరాకీలు. చూడ్డానికి తళతళా ఉంటాయి. ఆమె మొదట బొమ్మ వేళ్లు లెక్కపెట్టేది. "ఈ సామికి చేతికి ఆరు వేళ్లుండాయి. నువ్వు చెక్కుతావా?" అని నవ్వేది.

ఆమెను తలచుకుంటే ఎక్కువగా గుర్తొచ్చేది మాత్రం ఆత్మకూరు వైపు నల్లమల అంచున ఉన్న చెంచు గూడెం నుంచి ఇద్దరు మనుషులు వచ్చిన రోజు.

ఒకామె, ఒకాయన. ఇద్దరూ నడివయసు వాళ్లు. చిన్నప్పుడు తమ గూడెంలో బడి నడిపిన టీచరు విగ్రహం చేయించాలని వచ్చారు. టీచరు పేరు రాజేశ్వరి. ప్యాపిలి నుంచి వచ్చి, పెళ్లి చేసుకోకుండా, ఆ గూడెంలోనే గుడిసె వేసుకుని ఉండిపోయిందట. ఆమె చనిపోయి చాలా ఏళ్లయింది. అప్పటి పిల్లలంతా పెద్దవాళ్లయి, తలా కొంత వేసుకుని, బడి ముందు ఆమె బొమ్మ పెట్టాలనుకున్నారు.

"ఫోటో ఇయ్యండి" అన్నాను.

ఆయన చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి ఇచ్చాడు. అందులో ఫోటో ఉంది. వాన నీళ్లు తగిలి రంగులన్నీ కలిసిపోయాయి. చీర అంచు తెలుస్తోంది. మొహం ఉండాల్సిన చోట తెల్లటి మరక.

"ఇదొకటే ఉండేది. ప్యాపిలి గూడ పోయి వచ్చినాం. వాళ్లన్న పోయినాడంట, ఇల్లు అమ్మేసినారంట" అన్నాడాయన.

పక్కనున్న ఆమె మెల్లగా అంది. "మొగం మాకు కండ్లలోనే ఉంది అన్నా. నీకెట్ల చూపించేది?"

మొహం లేకుండా చెక్కితే అది ఎవరో ఒకరి బొమ్మ అవుతుంది గానీ ఆమె బొమ్మ కాదు. ఇద్దరినీ వెంటబెట్టుకుని లైబ్రరీకి వెళ్లాను.

మేడం వాళ్లకు కుర్చీలు వేసి, బుడ్డల డబ్బా ముందుకు జరిపి, కంప్యూటరు వైపు తిరగకుండా మాటలు మొదలుపెట్టింది. టీచరు ఏం పాటలు నేర్పింది, సెలవుల్లో ఎక్కడికి వెళ్లేది, ఎవరైనా చూడ్డానికి వచ్చేవాళ్లా అని ఒక్కొక్కటే అడిగింది. నాకు లోపల తొందరగా ఉంది. ఆమెకు లేదు. చివరికి ఆ గూడెమామె ఏదో గుర్తు చేసుకుంది.

"ఒకసారి ఎండాకాలం అనంతపురం పోయింది మేడం. బడి అయ్యోర్లకు ఏదో ట్రైనింగంట. వచ్చినాక మాకు అట్టముక్కలతో బొమ్మలు చేసి ఆడించేది నేర్పించింది. తోలుబొమ్మల్లెక్క."

మేడం అప్పుడు కంప్యూటరు వైపు తిరిగింది.

రాజేశ్వరి అన్న పేరు ఒక్కటే కొడితే సినిమావాళ్లు, గుళ్లు అన్నీ వరదలా వచ్చాయి. మేడం 'సినిమా' అన్న మాట రాసి దానికి ముందు చిన్న అడ్డగీత పెట్టింది. గుడికి ముందు ఇంకొకటి. చాలా మటుకు తొలగిపోయాయి. పేరును తెలుగులో కొట్టింది, ఇంగ్లీషులో కొట్టింది. ఇంగ్లీషులో ఎస్ పక్కన హెచ్ పెట్టి, తీసేసి, డబ్ల్యూ బదులు వీ పెట్టి, చివర ఐ మార్చి వై చేసి, అన్ని రకాలుగా చూసింది. "మన పేర్లను ఇంగ్లీషులో ఎవరికి ఇష్టమొచ్చినట్ల వాళ్లు రాస్తారు. ఒకటి కొట్టి లేదనుకోగూడదు" అని నాతో అంది. ఏదీ తగల్లేదు. అప్పుడు పేరే తీసేసి ఉపాధ్యాయులు, బొమ్మలాట, శిక్షణ, అనంతపురం అని కొట్టింది.

అప్పట్లో టీచర్లకు ఇలాంటి శిబిరాలు పెట్టిన ఒక సంస్థ పేజీ వచ్చింది. వాళ్లు తమ పాత పత్రికలన్నీ స్కాన్ చేసి అందులో పెట్టారు. నాకు ప్రాణం లేచొచ్చింది. "పేజీలో వెతుకు కొట్టండి మేడం" అన్నాను. కొట్టింది. ఏమీ లేదని వచ్చింది. గూడెం ఆయన కుర్చీలోంచి లేవబోయాడు.

"కూర్చో నాయనా. లేదని చెప్పడంలే అది. చదవలేనంటాంది" అంది మేడం. "ఇవి కాగితాల ఫోటోలు. అక్షరాలు మనకు కనపడతాయి, దానికి కనపడవు. మనమే చూడాల."

ఒక్కో పత్రిక తెరిచి, పెద్దది చేసి, పేజీ తర్వాత పేజీ చదవడం మొదలుపెట్టింది. సాయంత్రం బస్సు వేళ అయింది. ఇంకా సగం మిగిలే ఉంది. గూడెం వాళ్లను ఆ రాత్రికి మా ఇంట్లో ఉంచుకున్నాను. మరుసటి రోజు మధ్యాహ్నం లైబ్రరీ నుంచి కబురు వచ్చింది.

ఒక గ్రూప్ ఫోటో. చాలామంది టీచర్లు వరసలుగా నిలబడి ఉన్నారు. కింద సన్న అక్షరాల్లో 'ఎడమ నుంచి కుడికి' అని పేర్లు. వెనక వరసలో రెండో పేరు రాజేశ్వరి, గూడెం పేరుతో సహా. మా ఇద్దరి కళ్లూ ఎడమ నుంచి రెండో మనిషి మీదికి వెళ్లాయి. గుండ్రటి మొహం, కళ్లద్దాలు. ఆ బుగ్గలు రాతిలో ఎలా తేవాలా అని నేను అప్పుడే ఆలోచనలో పడ్డాను.

మేడం మాత్రం అరచేయి పెట్టి తెర మీది పేర్లను కప్పేసింది. "వాళ్లకు పేరు చూపించొద్దు. మొగం చూసి చెప్పనీ. ఇద్దరినీ ఒకేసారి పిలవద్దు."

ముందు గూడెమామె వచ్చింది. తెర దగ్గరికి వంగి చూసింది. గుండ్రటి మొహం మీద ఆమె చూపు ఆగనే లేదు. వెనక వరసలో ఆ చివరకు వెళ్లి, కుడి నుంచి రెండో మనిషి దగ్గర వేలు పెట్టింది. సన్నటి మొహం, పొడుగు మెడ. "ఈమే" అంది. అంతలోనే వేలు వెనక్కి తీసుకుంది. "ఈమే గానీ... పుట్టుమచ్చ ఈ పక్క గాదు మేడం. మాకు అక్షరాలు దిద్దించేటప్పుడు నేను ఎప్పుడూ ఆ పక్కనే కూర్చుంటాంటి. ఆ చెంప మీద ఉండేది."

ఆమెను బయట కూర్చోబెట్టి ఆయన్ని పిలిచాం. ఆయన కూడా అదే సన్నటి మనిషిని చూపించాడు. మచ్చ సంగతి ఆయనకు గుర్తులేదు.

కింద పేర్లు చూస్తే ఒకరు. మనుషుల నోట వింటే ఇంకొకరు. మేడం నా వైపు చూసింది. "నువ్వు బొమ్మలు చెక్కేవానివి కదా. ఇంకోసారి చూడప్పా. ఏదో తేడా ఉంది దీంట్లో."

చూశాను. మొహాలు వదిలేసి మనుషులను చూశాను. అప్పుడు కనిపించింది. ఆడవాళ్లందరి పైటా కుడి భుజం మీద ఉంది. ఒక్కరిది కూడా ఎడమ భుజం మీద లేదు. మగవాళ్ల చొక్కా జేబులు కూడా కుడివైపే.

"ఫోటో తిరగేసి అచ్చేసినారు మేడం" అన్నాను.

మేడం ఆ ఫోటోను కంప్యూటరులో దాచుకుని, కుడి ఎడమలు తారుమారు చేసే చోట ఒత్తింది. మనుషులంతా ఒక్కసారిగా అటువాళ్లు ఇటు అయ్యారు. పైటలు ఎడమ భుజాల మీదికి వచ్చాయి. సన్నటి మొహం మనిషి ఎడమ నుంచి రెండో చోట, తన పేరు ఉన్న చోటికి వచ్చి నిలబడింది.

గూడెమామెను మళ్లీ లోపలికి పిలిచాం. ఈసారి ఆమె వంగలేదు. గుమ్మంలోంచే చూసి, "వచ్చినావా టీచరమ్మా" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మొహం బఠాణీ గింజంత ఉంది. పెద్దది చేస్తే చెదిరిపోయింది. ముందు బంకమట్టితో తల చేశాను. ఆ ఇద్దరూ మళ్లీ వచ్చి, గడ్డం ఇంకొంచెం సన్నగా ఉండేదని, నవ్వితే పై పెదవి ఒక పక్కకు లేచేదని చెబుతుంటే దిద్దుకుంటూ పోయాను. వాళ్లు ఇక చాలన్నాకే రాయి ముట్టుకున్నాను. విగ్రహం నిలబెట్టిన రోజు మేడంను కూడా గూడేనికి తీసుకుపోయాం. ముందు కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు. అందరూ తిండి దగ్గరికి వెళ్లాక ఒక్కతే విగ్రహం దగ్గరికి వచ్చి, చెంప మీద మచ్చను వేలితో తాకి చూసి, సంచి భుజాన వేసుకుని బస్సు దగ్గరికి నడిచింది.

కొన్నాళ్లకు ఆమె రిటైరైంది. నంద్యాలలోనే ఉండేది. నేను పని మీద నంద్యాల వెళ్తే వాళ్లింటికి వెళ్లి టీ తాగి వచ్చేవాణ్ణి. ఒకసారి వెళ్లినప్పుడు ఆమె మంచం మీద ఉంది. కడుపులో గడ్డ అన్నారు. అప్పటికే ముదిరిపోయిందని కర్నూలు డాక్టర్లు చెప్పారట. ఈ మాట కూడా వాళ్లాయన గేటు దగ్గర నాకు చెప్పాడు. ఆమె చెప్పలేదు.

ఇంటికి వచ్చి నేను ఫోను పట్టుకుని కూర్చున్నాను. పని మానేసి రోజంతా వెతికాను. ఒక పేజీ దొరికింది. నల్లమలలో దొరికే ఒక ఆకు, దాని పసరుతో ఎలాంటి గడ్డ అయినా కరిగిపోతుందని రాసి ఉంది. నయమైన వాళ్ల ఫోటోలు కూడా ఉన్నాయి. మరుసటి పొద్దునే బస్సెక్కాను.

ఆమె అప్పటికే సగం చిక్కిపోయి ఉంది. దిండుకు ఆనుకుని కూర్చుంది. ఫోను ముందు పెట్టాను. "కండ్లు ఆనడంలే. నువ్వే చదువు" అంది. చదివాను. కళ్లు మూసుకుని మొత్తం విన్నది.

"ఎవరు రాసినారు?"

చూశాను. "పేరు లేదు మేడం."

"కింద దాకా పో. అట్టడుగున ఏముంది?"

అట్టడుగున పచ్చ రంగులో పెద్ద బటన్ ఉంది. 'ఇప్పుడే ఆర్డర్ చేయండి.' చదివి వినిపించడానికి నాకు నోరు రాలేదు. ఆమెకు అర్థమైనట్టుంది. అడగలేదు.

"బాగైనామె ఫోటో ఉందంటివే. ఆ ఫోటో ఎత్తి వెతుకు."

వెతికాను. అదే నవ్వుతో అదే మనిషి ఒక పళ్ల డాక్టరు ప్రకటనలో ఉంది. ఇంకోచోట చీరల కొట్టు ప్రకటనలో ఉంది. అది చెబితే మేడం నవ్వింది. నవ్వితే నొప్పి వచ్చినట్టుంది, పక్క పట్టుకుంది.

"పాపం, ఆమెకు రోగమే లేదప్పా" అంది.

ఫోను మూసేసి, "మీరు వెతకలేదా మేడం, మీ జబ్బు గురించి?" అని అడిగాను.

"వెతికినా. ఒక్కసారి. నమ్మదగిన చోట్లనే చూసినా. ఏం రాసినారో నిదానంగా చదివినా. డాక్టరు గూడ అదే చెప్పినాడు. రెండోసారి వెతికితే నాకు కావాల్సింది దొరికేదాకా వెతుకుతా. అది వెతకడం గాదు."

వాళ్లాయన టీ తెచ్చి ఇచ్చి లోపలికి వెళ్లాడు. కిటికీ అవతల చెట్టు ఉంది. టీ తాగుతుంటే ఆమె తల ఆ వైపు తిప్పింది.

"నిజంగా నాకొకటి వెతికి పెడతావా?"

"చెప్పండి మేడం."

"పొద్దున్నుంచి ఆ చెట్టు మీద ఒక పిట్ట కూస్తాంది. రోజూ వస్తాది. దాని పేరేందో నాకు తెల్దు. లేసి చూసేకి చేత కాదు."

విన్నాను. టుక్, టుక్, టుక్ అని ఆగకుండా ఒకే తీరున కొడుతోంది. మా షెడ్డులో చిన్న సుత్తితో అంచులు చెక్కేటప్పుడు వచ్చే చప్పుడు. పిట్ట, కూత, సుత్తి చప్పుడు అని ఫోనులో కొట్టాను. కంసాలి పిట్ట అని వచ్చింది. ఆకుపచ్చ ఒళ్లు, నుదుటి మీద ఎర్రటి మచ్చ. కంసాలి సుత్తి కొట్టినట్టు కూస్తుంది కాబట్టి ఆ పేరట. చదివి వినిపించాను. కింద దాని కూత రికార్డు చేసి పెట్టారు. ఒత్తాను. గదిలో టుక్, టుక్, టుక్ మొదలైంది. బయట చెట్టు మీద పిట్ట ఒక్క క్షణం ఆగి, మళ్లీ కూయడం మొదలుపెట్టింది.

మేడం చేయి ఎత్తింది. "అదే" అంది. "ఇంగ ఫోన్లో దాన్ని ఆపు. బయటిది విందాం."

ఆపేశాను. టీ చల్లారేదాకా ఇద్దరం వింటూ కూర్చున్నాం.